జిరో: మడిలో చేప, వెదురు మీద పాట

జిరో అనే పేరు నేను మొదట విన్నది మార్లవాయిలో, ఒక సమాధి దగ్గర. మాది ఉట్నూరు. ఏటా జనవరి 11న జైనూరు మండలం మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల వర్ధంతి చేస్తారు. చిన్నప్పుడు నాన్న వెంట రెండు మూడుసార్లు వెళ్లాను. జోడేఘాట్‌లో 1940లో కొమురం భీం నేలకొరిగాక, గోండుల గోడేంటో కనుక్కుని రమ్మని నిజాం సర్కారు పంపితే వచ్చిన ఆస్ట్రియా మనిషి ఆయన. మా గూడేల్లో ఉండి, మా వాళ్ల భాష నేర్చుకుని, మార్లవాయిలో గోండు పంతుళ్లకు శిక్షణ బడి పెట్టించాడు. మధ్యలో 1944లో బ్రిటిష్ ఇండియా సర్కారు పని మీద ఈశాన్యపు కొండల్లోకి వెళ్లి, అపతానీలనే తెగ మధ్య ఉండి మళ్లీ హైదరాబాదు తిరిగొచ్చాడు. ఇప్పటి అరుణాచల్ ప్రదేశ్‌లో ఉన్న ఆ అపతానీల లోయే జిరో. మావాళ్ల మధ్య తిరిగిన మనిషి ఇంకెవరి మధ్య తిరిగాడో చూడాలని అప్పట్నుంచీ ఓ కోరిక. నలభై ఆరేళ్లొచ్చేదాకా అది కోరికగానే ఉంది.

మా మేనల్లుడు చరణ్ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్. "మామా, జిరోలో మ్యూజిక్ ఫెస్టివల్. నాలుగు రోజులు. వస్తావా?" అని మాట వరసకు అడిగాడు. రానంటాననుకున్నాడు పాపం. 2012లో మొదలైన ఉత్సవమట. ఏటా సెప్టెంబరు ఆఖర్లో వరిపొలాల మధ్య జరుగుతుంది. వేదికలు కట్టేది ఇనుముతో కాదు, వెదురుతో, కట్టేది అపతానీలే. వాడు పాటల కోసం, నేను పొలాల కోసం. బడికి సెలవు పెట్టి బయల్దేరాను.

మొదటి రోజు

విమానంలో గువాహటి, అక్కణ్నుంచి రాత్రి రైల్లో నహర్‌లగున్. చెప్పుకోడానికి పెద్దగా ఏం లేదు, రైలు పేరు తప్ప. డోన్యి-పోలో ఎక్స్‌ప్రెస్. డోన్యి అంటే సూర్యుడు, పోలో అంటే చంద్రుడు. అరుణాచల్‌లోని చాలా తెగలు వాటినే కొలుస్తాయి. దేవుళ్ల పేరు పెట్టిన రైళ్లు మనకూ ఉన్నాయి గానీ, సూర్యచంద్రులిద్దరినీ కలిపి ఒకే ఇంజనుకు కట్టడం బాగుంది.

ఈ రాష్ట్రంలోకి మనలాంటి బయటివాళ్లు వెళ్లాలంటే ఇన్నర్ లైన్ పర్మిట్ ఉండాలి. 1873లో తెల్లవాళ్లు చేసిన రెగ్యులేషన్ అది, ఇప్పటికీ నడుస్తోంది. ఆన్‌లైన్లో తీసుకోవచ్చు. "మన దేశంలో మనకు పర్మిట్ ఏంటి మామా?" అని చరణ్ గునిశాడు. మా ఏజెన్సీలో 1/70 చట్టం ఉందని, గిరిజనేతరుడు అక్కడ భూమి కొనడానికి వీల్లేదని, అది ఉన్నా ఎన్ని ఎకరాలు చేతులు మారాయో ఉట్నూరులో ఎవర్నడిగినా చెప్తారని వాడికి చెప్పాను. వాడు హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు.

రెండో రోజు

పొద్దున్నే నహర్‌లగున్ స్టేషన్‌లో దిగితే ప్లాట్‌ఫాం దాటగానే పర్మిట్ల తనిఖీ. కాగితం చూపించి బయటపడితే సుమోల అడ్డా. ఇక్కడ సుమో అంటే ఒట్టి బండి పేరు కాదు, ఊరి నుంచి ఊరికి మనుషుల్ని మోసే వ్యవస్థ. డ్రైవరు పక్కన ఇద్దరు, నడుమ నలుగురు, వెనకాల నలుగురు. ముందు సీటు కావాలంటే ముందురోజే చెప్పి పెట్టుకోవాలి. మాకు వెనకాల దొరికింది. వంద కిలోమీటర్ల పైచిలుకు దారి, అయిదు గంటల ప్రయాణం. మోకాళ్లు గడ్డానికి తగులుతుంటే దారి అందం గురించి రాయడం కష్టం. పోతిన్ దాటాక రోడ్డు కొంత బాగుపడింది. యాజలి దగ్గర నది మీద ఆనకట్ట, రంగానది జలవిద్యుత్ కేంద్రానిది, 405 మెగావాట్లు. అక్కడ టీ తాగుతుంటే సుమోలో ఉన్న ఒకావిడ "అది మా భాషలో పన్యోర్" అని సరిదిద్దింది. నదికి రెండు పేర్లుంటే ఒకటి సర్కారుది, ఒకటి ఒడ్డునున్నవాళ్లది. కడెం వాగు దగ్గర పెరిగినవాణ్ని, నాకది కొత్త కాదు.

జోరాం దాటాక ఓ మలుపు తిరిగితే కొండలు ఒక్కసారిగా పక్కకు జరిగినట్టనిపించింది. అయిదు వేల అడుగుల పైన, కొండల నడుమ చదునైన లోయ. ఆ చివర్నుంచి ఈ చివరిదాకా పసుపు తిరుగుతున్న వరి. మధ్యమధ్యలో పైన్ చెట్ల దిబ్బలు, వాటి కింద ఒకదానికొకటి ఆనుకుని ఊళ్లు. నేను ఎత్తుల్లో చూసిన పొలాలన్నీ కొండవాలు మీద మెట్లు మెట్లుగా ఉన్నవే. ఇక్కడ మాత్రం గోదావరి పక్కన చూసినట్టు మడి పక్కన మడి, మడి పక్కన మడి.

మా బస హాంగ్ ఊళ్లో ఒక ఇంట్లో. అపతానీ ఊళ్లలో ఇది పెద్దది. ఇంటావిడను నేను దీదీ అన్నాను, చరణ్ ఆంటీ అన్నాడు. ఇల్లు నేలకు కొంచెం ఎత్తున గుంజల మీద, వెదురు తట్టీల గోడలు, నడుమ పొయ్యి. పొయ్యి పైన కప్పు నుంచి వేలాడే అటకలు, వాటి మీద ఎండబెట్టిన మాంసం, వెదురు, మొక్కజొన్న కంకులు. పొగ వాటన్నిటినీ తాకి బయటికి పోతుంది. పొగను కూడా ఖాళీగా వదలని ఇల్లు.

రాత్రి ఆ పొయ్యి చుట్టూ కూచున్నాం. బట్టలూ జుట్టూ నిమిషాల్లో పొగ వాసన పట్టేశాయి. అన్నం, పైక్ పిలా అనే కూర. పంది కొవ్వు, వెదురు కొమ్ములు, అందులో బూడిద నీళ్లు. బూడిద అంటే పొయ్యిలోది కాదు. కొన్ని రకాల మొక్కల్ని కాల్చి, ఆ బూడిద మీద నీళ్లు పోసి వడగట్టి, ఆ నీటిని మరిగించి ఉప్పు తీస్తారు. దాన్ని తాప్యో అంటారు. నల్లగా, రాయిలా గట్టిగా ఉంటుంది. సముద్రం ఎక్కడో ఉన్న ఈ కొండల్లో, రోడ్లు రాకముందు ఉప్పు ఇలాగే పుట్టింది. నాలుక మీద పెట్టుకుంటే ముందు పొగ, తర్వాత ఉప్పు. కూర నాకు నచ్చింది. చరణ్ అన్నంలో తను తెచ్చుకున్న ఆవకాయ కలుపుకున్నాడు. దీదీ ఆ ఆవకాయ రుచి చూసి, నీళ్లు తాగి, మళ్లీ వేసుకుంది.

బియ్యంతో, తైదలతో కాచే సారా ఒకటి ఇచ్చారు. కాచేది కాదు, పులియబెట్టేది. దాని పేరు "ఓ". అంతే, ఒక్క అక్షరం. ఇప్పసారా తాగినవాడికి ఇది మజ్జిగ.

మూడో రోజు

ఇక్కడ తెల్లవారడం అన్యాయం. నాలుగున్నరకే వెలుతురు. దానికి తగ్గట్టే సాయంత్రం అయిదున్నరకల్లా చీకటి. ఐదున్నరకు దీదీ భర్త గంప వీపుకు తగిలించుకుని పొలానికి బయల్దేరుతుంటే నేనూ వెంటపడ్డాను. చరణ్ లేవలేదు.

దారి అంటే గట్టే. రెండు అడుగుల వెడల్పు, మీద రెండు పక్కలా తైదలు. తైద కంకులు ముడుచుకున్న పిడికిళ్లలా మోకాలికి తగులుతుంటే, మడిలోకి జారిపడకుండా నడవడమే పెద్ద విద్య. "గట్టెందుకు ఖాళీగా ఉంచాలి?" అన్నాడాయన. తైద వేళ్లు గట్టు మట్టిని పట్టుకుంటాయి, కంకులు "ఓ" కి పనికొస్తాయి. మా దగ్గర గట్టు మీద కంది చల్లుకునేవాళ్లు. చల్లుకునేవాళ్లు అనే రాస్తున్నాను చూడండి, చల్లుకుంటారు అని కాదు.

మడి మధ్యలో ఓ చిన్న కాలువ తవ్వి ఉంది, మడి కంటే లోతుగా. చేపల కోసం అది. వేసవి మొదట్లో నాట్లు వేశాక చేపపిల్లల్ని మళ్లలో వదులుతారు. మన చెరువుల్లో బంగారుతీగ అంటామే, ఎక్కువగా అదే జాతి. అవి కలుపు మొలకల్నీ పురుగుల్నీ తింటూ, బురదను కెలుకుతూ, వాటి పెంటే ఎరువుగా వేస్తూ వరి మధ్య తిరుగుతాయి. నీళ్లు తగ్గించినప్పుడు ఆ కాలువలోకి చేరతాయి. కోతకు ముందు వాటిని పట్టుకుంటారు. 1960లలో మత్స్యశాఖ చొరవతో ఈ చేపలు మళ్లలోకి వచ్చాయి గానీ వరి, నీటి పంపకం అంతకంటే ఎంతో పాతవి. అంటే సర్కారు చెప్పిన కొత్త పద్ధతిని పాత మడిలో సరిగ్గా ఇమిడ్చుకున్నారు. సర్కారు చెప్పిందీ రైతు చేసిందీ ఇంత చక్కగా అతకడం నేను అరుదుగా చూశాను.

నాగలి లేదు. ఎడ్లు లేవు. మిథున్ అని అడవిదున్నను పోలిన పశువు వీళ్లకు ఉంది, దాన్ని దున్నడానికీ వాడరు, పాలకూ వాడరు. అది పూజలకూ పెళ్లి లెక్కలకూ. పొలం పనంతా చేతులతోనే. ఊక, బూడిద, వంటింటి చెత్త, కోళ్ల పెంట, పందుల పెంట, కోసిన తర్వాత మిగిలే గడ్డి, అన్నీ మళ్లీ మడిలోకే. నీళ్లు కొండవాగు నుంచి చిన్న కాల్వల్లో, బోలు చేసిన మానుల్లో, వెదురు గొట్టాల్లో ఒక మడి నుంచి మరో మడికి. ఒక చోట ఆయన చేత్తో మట్టి తీసి ఓ గొట్టానికి అడ్డు పెట్టాడు, పై మడికి నీళ్లు ఆగాయి, కింది మడికి పారాయి. కింది మడి ఆయనది కాదట. "ఈ రోజు వాళ్ల వంతు."

వాన పడీ పడకుండా ఉంది. గట్టు మీద కూచుని ఆయన బీడీ వెలిగిస్తే నేను లోయనంతా చూస్తూ ఉండిపోయాను. 2014లో దీన్ని అపతానీ సాంస్కృతిక భూభాగం అనే పేరుతో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చారు. ఆ మాట చెప్తే ఆయన "అవును, వచ్చి ఫోటోలు తీసుకున్నారు" అని, గంపలోంచి కొడవలి తీశాడు.

మధ్యాహ్నం ఉత్సవానికి. హాంగ్ నుంచి సుమోలో వెళ్లి, దిగి, బురదలో నడవాలి. పచ్చని వాలు కింద రెండు వెదురు వేదికలు. పగటి వేదిక పేరు డాన్యి, రాత్రి వేదిక పేరు పీలో. ఇక్కడి భాషలో సూర్యుడు, చంద్రుడు. మా రైలు పేరే, ఇంకో యాసలో. నేను వేదికను ముందునుంచి కాక పక్కనుంచి చూశాను. నిలువు బొంగులు, అడ్డ బొంగులు, మూలల్ని కలిపే కట్లు, చీల్చి అల్లిన తట్టీలు. స్పీకర్లు అదిరినప్పుడు మొత్తం వేదిక కొంచెం ఊగుతుంది, మళ్లీ నిలబడుతుంది. ఇనుపదైతే మోగేది. చెత్తబుట్టలూ వెదురువే, కూచునే బల్లలూ వెదురువే, "ఓ" పోసిచ్చే గ్లాసులూ వెదురువే. ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వద్దని బోర్డులున్నాయి.

మా కేస్లాపూర్ గుర్తొచ్చింది. పుష్య అమావాస్యకు నాగోబా జాతరలో మెస్రం వంశస్థులు గోదావరి దాకా కాలినడకన వెళ్లి జలం తెస్తారు, కుండలు సిరికొండ కుమ్మరి చేసిన మట్టికుండలు. ఆ పూజలో ప్లాస్టిక్ ముక్క ఉండదు. జాతరకొచ్చిన మనలాంటివాళ్లం మాత్రం తిరిగెళ్లాక మూడు రోజులపాటు గ్లాసులు గాలికి ఎగురుతాయి. ఇక్కడ ఉత్సవం కొత్తది, శుభ్రత బోర్డు మీద రాసి చెప్పాల్సొచ్చింది. అక్కడ జాతర పాతది, రాయకపోయినా పూజ చేసేవాళ్లకు తెలుసు. రెండు చోట్లా చెత్త వేసేది వచ్చినవాళ్లే.

పాటల గురించి చరణ్ రాయాలి, నేను కాదు. పగలు ఓ నాగా బృందం గొంతులు కలిపి పాడితే ఒళ్లు జలదరించింది. రాత్రి గిటార్ల మోత మొదలయ్యాక నేను తొమ్మిదింటికి ఇంటిదారి పట్టాను. చరణ్ అక్కడే ఉంటానన్నాడు, ముందుగానే ఒక టెంటు బుక్ చేసి పెట్టుకున్నాడు. ఎవరి దగ్గరో పేరెందుకులెండి. డబ్బు మాత్రం మా బస కంటే ఎక్కువే.

రాత్రి రెండున్నరకు తలుపు చప్పుడు. బయట కుండపోత. చరణ్ నిలువునా తడిసి, చేతిలో బూట్లు పట్టుకుని ఉన్నాడు. టెంటును వాలు కింద గుంటలో వేశారట. దీదీ ఏమీ మాట్లాడకుండా పొయ్యిలో రెండు కట్టెలు ఎగదోసింది.

"మామా, ఏమైనా అను గానీ నవ్వకు" అన్నాడు వాడు.

నవ్వలేదు. పొద్దున నవ్వాను.

నాలుగో రోజు

వాన వెలిశాక హాంగ్ సందుల్లో తిరిగాను. ఇళ్లు భుజం భుజం ఆనుకుని, మధ్య ఒక మనిషి పట్టేంత దారి. పొలానికి అంత నేల ఇచ్చినవాళ్లు ఇళ్లకు ఇంత తక్కువ ఎందుకిచ్చుకున్నారో లోయ చూశాక అర్థమవుతుంది. చదునైన నేల వరిదీ, మనుషులు మిగిలిన దిబ్బ మీద సర్దుకున్నారు. ప్రమాదం లేకపోలేదు. వెదురిళ్లకు నిప్పంటుకుంటే వరసంతా పోతుంది. అందుకే ఇప్పుడు రేకు కప్పులు, సిమెంటు గుంజలు వస్తున్నాయి. ఫోటోలో అందం పాడయిందని మనం బాధపడతాం, ఇంట్లో పడుకునేవాళ్లం కాదు కదా.

సందుల మధ్య పెద్ద చెక్క అరుగులు కనిపిస్తాయి, లపాంగ్ అంటారు. ఒక్కో వంశానికి ఒకటి. మన రచ్చబండే, కాకపోతే చెక్కది. తగవులూ, తిథులూ, మ్యోకో పండగ తంతులూ అక్కడే. ఇళ్ల ముందు ఆకాశంలోకి లేచిన పొడుగాటి కర్రలు బాబో. మార్చిలో వచ్చే మ్యోకోకి నిలబెడతారు. జూలై 5న పైరు కోసం ద్రీ పండగ. ఈ రెండూ వాళ్ల పండగలు, మనం పిలిస్తే వెళ్లే చుట్టాలం. సెప్టెంబరుది వాళ్లు మనకోసం పెట్టిన పండగ. ఈ తేడా దీదీయే చెప్పింది. "మ్యోకోలో మా ఇల్లు ఎవరొచ్చినా తెరిచే ఉంటుంది, డబ్బు అడగం. ఇప్పుడు అడుగుతాం." దాచిపెట్టకుండా చెప్పిన తీరు నచ్చింది.

ఆమె అత్తగారు వాకిట్లో ఎండకు కూచుంది. నుదుటి నుంచి ముక్కు కొన దాకా నీలిగీత, గడ్డం మీద నిలువు చారలు, ముక్కుకు రెండు పక్కలా నల్లటి బిళ్లలు. పచ్చబొట్టును టిప్పేయ్ అంటారు. అందగత్తెల్ని పక్క తెగలవాళ్లు ఎత్తుకుపోకుండా ఇలా చేశారని గైడ్లు చెప్పే కథ. "అదంతా నాకు తెలీదు, మా అమ్మకుంది, నాకు పొడిపించారు" అందామె, కోడలి నోట. 1970ల మొదట్లో ఇక్కడి కుర్రాళ్ల సంఘమే ఈ అలవాటు ఆపించింది. బయటి చదువులకూ కొలువులకూ వెళ్తే నవ్వుతున్నారని. కాబట్టి ఈ ముఖాలు ఈ తరంతో ఆఖరు. అది తెలిసే మనవాళ్లు కెమెరాలు పట్టుకుని ఎగబడుతున్నారు. నేను అక్కడ కూచున్న అరగంటలో ముగ్గురు వచ్చారు. ఒక్కడు అడిగి తీశాడు. ఒకమ్మాయి అవ్వ పక్కన కూచుని తన ముక్కు పక్కన వేళ్లు పెట్టుకుని సెల్ఫీ దిగింది. అవ్వ కదల్లేదు, కళ్లు మాత్రం మూసుకుంది.

నా చేతిలోనూ ఫోను ఉంది. తీయలేదని గొప్పలు చెప్పను. అప్పటికే, అవ్వ నావైపు చూడనప్పుడు, ఒకటి తీశాను. సాయంత్రం చెరిపేశాను. మా గోండు అవ్వల చేతుల మీద, కాళ్ల మీద పచ్చబొట్లుంటాయి. "చచ్చినా వెంట వచ్చేది ఇదొక్కటే" అంటారు. ఆ మాట ఈ అవ్వకు చెప్పమన్నాను. దీదీ చెప్పింది. అవ్వ కళ్లు తెరిచి, నా చేతులు పట్టుకుని తిప్పి చూసింది. నా చేతుల మీద ఏమీ లేదు.

ఊరి వెనక వెదురు తోటలు, వాటి చుట్టూ వెదురు కంచెలు. వెదురు ఇక్కడ అడవిలో దొరికేది కాదు, నాటి పెంచేది. ఈ రకాన్ని బిజే అంటారు. పూర్వీకులు వలస వస్తూ వెంట తెచ్చుకున్న మొక్క అని చెప్పుకుంటారు. ఎవరి తోట వాళ్లది, కొట్టినంత మేర మళ్లీ మొలవనివ్వాలి. పైన్ చెట్లదీ అదే లెక్క. నిన్న ఊగుతూ నిలబడ్డ వేదిక ఎక్కడ మొదలైందో అప్పుడు తెలిసింది. పర్యావరణ హితం అని పోస్టరు మీద రాయడానికి చాలాకాలం ముందు, ఎవరో ఈ కంచె కట్టి ఇందులో మేక పడకుండా చూసుకున్నారు.

చరణ్‌ను కూడా తీసుకెళ్లి చూపించాను. తోటలోకి తొంగిచూసి, "అంటే మామా, ఆ వేదిక ఇక్కడ పెరిగిందన్నమాట" అన్నాడు. వాడిలో ఆశ ఉంది.

రాత్రి మళ్లీ ఉత్సవం. ఈసారి నేను పదకొండు దాకా ఉన్నాను. రాత్రి వేదిక పైన మబ్బు తొలిగి నిజమైన చంద్రుడు కాసేపు కనిపించాడు. గ్లాసు పోయించుకుందామని వెళ్తే గ్లాసు మీ దగ్గరే ఉంచుకోండి, మళ్లీ తెండి అన్నాడు కుర్రాడు. ఇప్పుడది మా ఇంట్లో పెన్నులు పెట్టుకోడానికి పనికొస్తోంది.

ఐదో రోజు

ఈ రోజు గురించి తక్కువే. పొద్దున కార్దో అడవికి వెళ్లొచ్చాం. 2004లో అక్కడ బయటపడ్డ పెద్ద రాతి శివలింగాన్ని సిద్ధేశ్వరనాథ్ అని కొలుస్తున్నారు. మెట్లు, గంటలు, కొబ్బరికాయలు. అమ్మకు ప్రసాదం తీసుకెళ్లాలి కదా.

తర్వాత హపోలి బజారు. జిల్లా కేంద్రం అదే, బ్యాంకులూ సెల్‌ఫోన్ దుకాణాలూ అక్కడే. నేల మీద బట్ట పరుచుకుని ఆడవాళ్లు అడవి కూరాకులు, వెదురు కొమ్ములు, రకరకాల పురుగులు అమ్ముతున్నారు. చరణ్ ముఖం పెట్టాడు. తొలకరికి ఉసిళ్లు వేయించుకుని తిన్న ఇంట్లోనే పుట్టావురా, మీ అమ్మనడుగు అన్నాను. ఒక దుకాణంలో కివీ పండ్ల వైన్ కనిపించింది, నారా-ఆబా. 2017లో తాగే రీటా తాఖే అనే అపతానీ ఇంజనీరు మొదలుపెట్టింది. కొనేవాడు లేక తోటల్లోనే కుళ్లిపోతున్న కివీలకు అలా ఒక దారి దొరికింది. ఒక సీసా కొన్నాం. మా సీతాఫలాలు ఉట్నూరు సంతలో కుళ్లడం కళ్లముందు మెదిలింది.

సాయంత్రం ఉత్సవపు దారిలో, వేదికల బయట, రోడ్డు పక్క కాల్వలో చిప్స్ ప్యాకెట్లు. లోపల ఒక్కటి కనబడలేదు. నిషేధం ఎక్కడిదాకా ఉందో మనవాళ్లకు అంగుళాలతో సహా తెలుసు. ఆ కాల్వ నీళ్లు కింద మళ్లలోకి పోతాయి, అక్కడ చేపలున్నాయి. నాలుగు ఏరాను, చరణ్ పది ఏరాడు. అంతకంటే పెద్ద కథేం కాదు.

ఆరో రోజు

తిరుగు సుమో ఎనిమిదింటికి. ఏడింటికి పొయ్యి దగ్గర టీ తాగుతుంటే దీదీ మామగారు వచ్చి కూచున్నాడు. ఇన్ని రోజులూ ఎదురుపడ్డా మాట కలవలేదు, ఆయనకు హిందీ రాదు. నేను ఫోన్లో మార్లవాయి ఫోటో తీసి చూపించాను. సమాధులు, పూలదండలు, చుట్టూ డప్పులతో మా వాళ్లు. ఈయన మీ లోయకీ వచ్చాడు, మీ నాన్నగారి కాలంలో, అని చెప్పమన్నాను.

దీదీ చెప్పింది. పెద్దాయన ఫోను దగ్గరగా పట్టుకుని చాలాసేపు చూశాడు. కూలీలతో, పెట్టెలతో వచ్చిన ఒక తెల్లాయన గురించి వాళ్ల నాన్న చెప్పేవాడట. వచ్చాడు, ఉన్నాడు, పోయాడు. ఎక్కడికి పోయాడో ఎవరికీ తెలీదు. "మీ ఊరికొచ్చాడా?" అని అడిగాడు. అవును, ఆయన భార్య అక్కడే ఉంది, ఆయన అస్థికలు కూడా తర్వాత అక్కడికే తెచ్చారు అన్నాను. ఆయన తల ఊపాడు. చుట్టాలింటి కబురు తెలిసినట్టు.

తర్వాత ఫోటోలో మనుషుల వెనకాల ఉన్న చేనును వేలితో చూపించి ఏదో అడిగాడు.

"మీ దగ్గర ఏం పండిస్తారు అంటున్నాడు" అంది దీదీ.

"పత్తి."

ఆమె చెప్పింది. ఆయన మళ్లీ అడిగాడు. ఈసారి దీదీ కొంచెం నవ్వింది.

"పత్తి తింటారా అంటున్నాడు."

"అమ్ముతాం. ఆ డబ్బుతో బియ్యం కొంటాం."

ఆమె ఆ మాట కూడా చెప్పింది. పెద్దాయన ఏమీ అనలేదు. బయట సుమో హారన్ కొట్టింది. చరణ్ బ్యాగులు పైకెక్కించడానికి పరుగెత్తాడు. దీదీ ఆకులో చుట్టిన తాప్యో ముక్క నా సంచిలో వేసింది, నేను మిగిలిన ఆవకాయ సీసా ఆమెకిచ్చాను. మెట్లు దిగుతుంటే వెనకనుంచి పెద్దాయన కేక. చేతిలో పాత గుడ్డముక్కలో కట్టిన చిన్న మూట. విప్పి చూస్తే పిడికెడు తైదలు.

గట్టు మీద వేసుకోమన్నాడట.